కొండ సంచి సైకిలెక్కితే

జంషెడ్‌పూర్ నగరంలో సువర్ణరేఖా నది గట్టున ఉన్న పేట భుయ్యాడీహ్. నది దాటి ఉత్తరంగా సాగితే దల్మా కొండలు. 1984లో ఎవరెస్టు నధిరోహించిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ చిరకాలం నడిపిన సాహస శిక్షణ సంస్థ ఈ నగరంలోనిదే. కనుక కొండలెక్కేవారి తేలిక సామగ్రి ఇక్కడివారికి కొత్త కాదు. దానినే సైకిలుకు కట్టుకొని రెండు రోజులు తిరిగి రావాలన్న కోరిక కలగడం సహజం. అయితే నడకకు అమరిన సామాను సైకిలుకు ఉన్నదున్నట్లు అమరదు.

ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికన్ మహిళ 1955లో, తన 67వ ఏట, స్వయంగా కుట్టుకొన్న గుడ్డసంచితో మూడు వేల కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ కాలిబాటను నడిచి ముగించింది. నేడు తిండి, నీరు, ఇంధనం మినహా 4.5 కిలోలు మించని సామానును అతితేలికగా పరిగణిస్తారు. మరొక వంక స్వీడన్ వాసి యొరాన్ క్రోప్ 1995లో నూరు కిలోలకు పైగా సామానుతో సైకిలుపై స్వదేశం నుండి బయలుదేరి, 1996 మేలో ప్రాణవాయువు సిలిండరు లేకుండా ఎవరెస్టు ఎక్కాడు. సైకిలు బరువును మోయగలదు. ఆ బరువు ఎక్కడ ఉన్నదన్నదే ముఖ్యం.

నడిచేవాని సంచి భారం నడుముపై నిలుస్తుంది. ముందుకు వంగి సైకిలు తొక్కేవాని వీపున అదే సంచి ఉంటే భారమంతా అరచేతులకు, పిరుదులకు దిగుతుంది. అందుచేత సంచిని ఇంట విడిచి, సామానును మూడుగా పంచుకోవాలి. నీరు, పనిముట్లు, తిండి వంటి బరువైనవి ఫ్రేము నడిమి త్రికోణంలో ఉండాలి. దుప్పటి, గుడారపు గుడ్డ చుట్టగా చుట్టి హ్యాండిలుకు కట్టాలి. బట్టలు సీటు వెనుకకు చేరాలి. బరువు హ్యాండిలుపై పెరిగితే మలుపు తిరగడం కష్టం. సీటు వెనుక పెరిగితే సైకిలు ఊగుతుంది.

తేలిక గుడారాలు పెక్కింటికి నడక కర్రలే స్తంభాలు. సైకిలువానికి కర్ర ఉండదు. మడిచే గడ ఒకటి తీసుకోవాలి, లేదా సైకిలునే నిలబెట్టి గుడారాన్ని దానికి కట్టాలి. ఈ ప్రయోగం మొదట పెరటిలో చేయడం మేలు.

దారి కుదుపులకు పలుచని గుడ్డ ఫ్రేముకు రాచుకొని చిరుగుతుంది. రాపిడి తగిలే చోట టేపు అంటించాలి. గుడారపు మేకులను విడిగా మందపు గుడ్డలో చుట్టాలి. అన్నిటికన్న ప్రమాదకరమైనది వదులుగా వ్రేలాడే పట్టీ. దిగుడు దారిలో అది ముందు చక్రపు ఊచలలో చిక్కుకొంటే చక్రం ఆగిపోతుంది. మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. పట్టీల కొనలను తప్పక ముడివేయాలి. మనిషి కూర్చున్న తరువాత సంచికీ టైరుకూ మధ్య ఎడం చూడాలి.

బరువు తగ్గించడంలో మినహాయింపు ఒకటున్నది. పంక్చరు సామాను, పంపు, అదనపు ట్యూబు, గొలుసు బిగించే పనిముట్టు విడువరాదు. చెప్పు తెగినవాడు కుంటుతూనైనా ఇల్లు చేరతాడు. గొలుసు తెగిన సైకిలును కొండదారిలో తోసుకుపోవలసిందే.

దల్మా ఏనుగులు సంచరించే అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేనిదే అక్కడ రాత్రి బస తగదు. కనుక తొలిసారి సామానంతా కట్టుకొని ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం మంచిది. ఇల్లు చేరాక ఏ మూట జారిందో, ఏది అసలు విప్పనే లేదో చూసుకొంటే, రెండవ యాత్రకు ఏది ఉంచాలో, ఏది మానాలో తేలిపోతుంది.