కె.జి.ఎఫ్. లోతుల్లో న్యూట్రినోలు

విద్యుదావేశం లేని, ద్రవ్యరాశి అత్యల్పమైన న్యూట్రినో భూగోళాన్ని సైతం ఈ కొస నుంచి ఆ కొసకు దాటిపోగల కణం కనుక, దానిని పట్టుకోదలచినవారు ముందుగా మిగిలిన కణాల సందడి చేరని చోటు వెతుక్కోవాలి. ఈ తరానికి సినిమా పేరుగానే ఎక్కువ తెలిసిన కె.జి.ఎఫ్., అంటే ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరగా కర్ణాటకలో ఉన్న కోలార్ బంగారు గనులు, భౌతిక శాస్త్రవేత్తలకు అటువంటి చోటుగా అక్కరకొచ్చాయి.

విశ్వకిరణాలు వాతావరణంలోని పరమాణు కేంద్రకాలను ఢీకొన్నప్పుడు పుట్టే కణాలలో మ్యూయాన్లు, న్యూట్రినోలు ముఖ్యమైనవి. ఎలక్ట్రాన్ కన్నా సుమారు 207 రెట్లు బరువైన మ్యూయాన్లు నేలలోకి చాలా లోతుగా చొచ్చుకుపోతాయి. అవి ఎంత లోతున ఎంతగా తగ్గుతాయో కొలవడానికి హోమీ భాభా ప్రోత్సాహంతో 1950ల తొలినాళ్లలోనే ఈ గనుల్లోకి దిగినవారు టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన బి.వి. శ్రీకంఠన్. ఆ తర్వాత మియాకే, నరసింహం, రమణమూర్తి ఆ కొలతలను మరింత లోతులకు కొనసాగించగా, 1960ల ఆరంభంలో అన్నిటికన్నా అడుగున, సుమారు 2.7 కిలోమీటర్ల లోతున, వారాల తరబడి పరికరం నడిచినా ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు. మ్యూయాన్ల కోసం దిగినవారికి నిరాశ కలిగించవలసిన ఆ శూన్య ఫలితమే, న్యూట్రినోల కోసం ఇక్కడ వెతకవచ్చునన్న ధైర్యాన్నిచ్చింది; ఈ చరిత్రలో అసలు మలుపు అదేనని చెప్పాలి.

టాటా సంస్థ, జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం కలిసి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున పరికరాలను అమర్చాయి. ఆవేశమున్న కణం తగలగానే క్షణకాలం వెలిగే ప్లాస్టిక్ పలకలను, అంటే సింటిలేటర్లను, గోడల్లా నిలబెట్టి, ఆ మసక వెలుగును ఫోటోమల్టిప్లయర్ గొట్టాలతో విద్యుత్ సంకేతంగా మార్చారు. గోడల నడుమ పేర్చిన నియాన్ గొట్టాలు కణం వెళ్లిన దారి వెంట వెలిగితే కెమెరా ఆ జాడను చిత్రించేది. న్యూట్రినో స్వయంగా ఏ జాడా వదలదు కాని, చుట్టూ ఉన్న రాతిలో ఎప్పుడో ఒకసారి కేంద్రకాన్ని తాకి మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. గోడలను నిలువుగా ఎందుకు పెట్టారంటే, వాతావరణం నుంచి వచ్చే మ్యూయాన్ ఏటవాలుగా వస్తే దాటవలసిన రాయి విపరీతంగా పెరుగుతుంది కనుక అంత లోతుకు దాదాపు నిటారుగా వచ్చేవే చేరగలవు. అడ్డంగా దూసుకొచ్చిన మ్యూయాన్ కనిపిస్తే అది సమీపపు రాతిలో న్యూట్రినో వల్ల పుట్టిందేనని నిశ్చయించవచ్చు.

1965లో అటువంటి జాడలు దొరికాయి. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం కూడా ఇదే పనిలో ఉంది. తొలి ఘటనను వారు ముందుగా నమోదు చేయగా, ఆగస్టులో కోలార్ బృందపు పత్రం కొద్ది రోజుల ముందు అచ్చయింది. కాబట్టి మొదటివారెవరన్న వాదనకు దిగడం కన్నా ఇద్దరికీ సమాన గౌరవమివ్వడమే న్యాయం.

కోలార్‌లో పట్టుబడిన న్యూట్రినోలు వేళ్లమీద లెక్కించదగినవే. వాటి ప్రవర్తనను తేల్చడానికి చాలా పెద్ద శోధకాలు కావలసి వచ్చాయి: జపాన్‌లో 50,000 టన్నుల నీటితో నిర్మించిన సూపర్ కామియోకాండే, భూమిని దాటి కిందినుంచి వచ్చే మ్యూయాన్ న్యూట్రినోలు పైనుంచి వచ్చేవాటి కన్నా బాగా తక్కువగా ఉన్నాయని 1998లో చూపింది. దారిలో అవి మరో రకం న్యూట్రినోలుగా మారుతున్నాయని, అలా మారాలంటే వాటికి ద్రవ్యరాశి ఉండి తీరాలని దానితో రుజువైంది.