నొప్పి బిళ్ళకూ కిడ్నీకీ ఏమిటి సంబంధం?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో నొప్పి బిళ్ళ లేని ఇల్లు అరుదు. మగ్గం గుంటలో పగలంతా కూర్చునే నేతగానికి నడుము నొప్పి. జిన్నింగ్ మిల్లులో పత్తి మూటలు మోసేవారికి భుజాల నొప్పి. సుగ్గికని గుంటూరు వైపు వెళ్ళి మిరపకాయలు కోసి వచ్చినవారికి ఒళ్ళంతా నొప్పులే. మందుల షాపులో "ఒళ్ళు నొప్పులకు రెండు బిళ్ళలివ్వన్నా" అంటే ఇస్తారు. నొప్పి తగ్గుతుంది. కానీ కొందరికి కొద్ది రోజుల్లోనే పాదాలు వాస్తాయి, బి.పి. పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది. "నడుముకు వేసుకున్న బిళ్ళ కిడ్నీకి ఎందుకు పోయింది సార్?" అని అడుగుతారు. మంచి ప్రశ్న.

ఒక్కొక్క కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలుంటాయి. ప్రతి జల్లెడకూ ఒక గొట్టం. రోజుకు దాదాపు 180 లీటర్ల నీరు రక్తంలో నుండి ఈ గొట్టాల్లోకి దిగుతుంది. మనం మూత్రంగా విడిచేది లీటరున్నర మాత్రమే. మిగిలినదంతా గొట్టాలు తిరిగి పీల్చుకుని రక్తానికి అప్పగిస్తాయి. ఇందులో మూడింట రెండు వంతులు గొట్టం మొదటి భాగంలోనే వెనక్కి వెళ్తుంది. ఈ రోజు ఎంత ఉప్పు, ఎంత నీరు ఉంచుకోవాలన్న సర్దుబాటు మాత్రం చివరి భాగాల్లో జరుగుతుంది.

ఆ సర్దుబాటుకు ఆజ్ఞలు దూరం నుండి వస్తాయి. మెదడులో తయారయ్యే వాసోప్రెస్సిన్ "నీరు వదలవద్దు" అంటుంది. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల ఆల్డోస్టిరాన్ "ఉప్పు వదలవద్దు" అంటుంది. అయితే కిడ్నీ తన లోపలే తయారుచేసుకునే హార్మోను ఒకటుంది. దాని పేరు ప్రోస్టాగ్లాండిన్ ఇ2. ఇది పుట్టినచోటే పని చేస్తుంది. రక్తంలో కలిసినది ఒక్కసారి ఊపిరితిత్తుల గుండా వెళ్ళేసరికి చాలావరకు నశిస్తుంది. 1930లలో స్వీడన్ శాస్త్రవేత్త వాన్ ఆయిలర్ ఇది ప్రోస్టేట్ గ్రంథి నుండి వస్తుందనుకుని ఈ పేరు పెట్టారు. శరీరంలో దాదాపు ప్రతి భాగమూ దీన్ని తయారుచేస్తుందని తర్వాత తెలిసింది గాని, పేరు అలాగే నిలిచిపోయింది.

మన తుంగభద్ర దిగువ కాలువనే చూడండి. నీరు వదిలే ఆజ్ఞ డ్యాము నుండి వస్తుంది. తూము దగ్గర నిలబడి ఇక్కడెంత కావాలో చూసి సర్దేవాడు లస్కరు. కిడ్నీలో ప్రోస్టాగ్లాండిన్ ఆ లస్కరు లాంటిది. ఉప్పును మరీ ఎక్కువ పీల్చుకోకుండా గొట్టాన్ని ఆపుతుంది, వాసోప్రెస్సిన్ జోరును తగ్గిస్తుంది. జల్లెడకు రక్తం తెచ్చే సన్నని నాళం ముడుచుకుపోకుండా తెరిచి ఉంచేదీ ఇదే.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి బిళ్ళలు ప్రోస్టాగ్లాండిన్ తయారీనే ఆపుతాయి. ఆస్పిరిన్ జాతి మందులు పనిచేసే తీరు ఇదేనని జాన్ వేన్ 1971లో చూపారు. 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మోకాలిలో నొప్పినీ వాపునూ పెంచేది ఈ ప్రోస్టాగ్లాండినే. బిళ్ళకు మోకాలూ కిడ్నీ అన్న తేడా తెలియదు. రెండు చోట్లా ఆపేస్తుంది. లస్కరు లేని తూములాగా ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచిపోతాయి. పాదాల వాపు, బి.పి. అలా వస్తాయి.

ఆరోగ్యంగా ఉండి, నీళ్ళు బాగా తాగేవారు ఎప్పుడో ఒక బిళ్ళ వేసుకుంటే సాధారణంగా ఏమీ కాదు. ఆ రోజు కిడ్నీకి ఈ హార్మోనుతో పెద్ద అవసరం లేదు. అవసరమయ్యేది ఒళ్ళు ఎండిపోయిన రోజు. మే నెల ఎండలో చెమటోడ్చినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా శరీరం రక్తనాళాలను బిగిస్తుంది. పొలంలో మరుగు లేదని పొద్దుటి నుండి నీళ్ళు తాగకుండా పనిచేసే ఆడవాళ్ళదీ ఇదే స్థితి. (ఇది వాళ్ళ తప్పు కాదు.) అలాంటప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేది ప్రోస్టాగ్లాండినే. సరిగ్గా ఆ సాయంత్రమే ఒళ్ళు నొప్పులని బిళ్ళ వేసుకుంటాం! రక్తం తగ్గి జల్లెడ పని మందగిస్తుంది, క్రియాటినిన్ పెరుగుతుంది. వెంటనే మందు ఆపి నీరు అందిస్తే చాలామందిలో కిడ్నీ కోలుకుంటుంది. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ కోలుకుంటుందని చెప్పలేము.

అరవై దాటినవారు, షుగరు, గుండె, కాలేయం, కిడ్నీ జబ్బులున్నవారు ఈ బిళ్ళలను సొంతంగా కొనవద్దు. ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి బి.పి. బిళ్ళ, దానికి తోడు నీరు దించే బిళ్ళ వాడుతున్నవారికి నొప్పి బిళ్ళ మూడోదిగా చేరితే ప్రమాదం మరింత పెరుగుతుంది. అయిదు నెలలు దాటిన గర్భిణీలు కూడా వాడకూడదు. ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే. బిడ్డ కిడ్నీ మందగిస్తే అది తగ్గిపోతుంది. "సూది వేయించుకుంటే కడుపులోకి పోదు కదా" అంటారు. కిడ్నీకి సూదీ బిళ్ళా ఒకటే.

మరి నొప్పికి ఏం చేయాలి? చాలా నొప్పులకు, చెప్పిన మోతాదు మించకుండా, పారాసిటమాల్ సరిపోతుంది. అది కిడ్నీలోని ప్రోస్టాగ్లాండిన్ జోలికి పెద్దగా పోదు. విరేచనాల రోజున నొప్పి బిళ్ళ మానేసి ఓ.ఆర్.ఎస్. తాగండి. గుండె కోసం డాక్టరు రాసిన చిన్న ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. కాళ్ళ వాపు వచ్చినా, మూత్రం తగ్గినా ఓ.పి.కి రండి. వచ్చేటప్పుడు వాడిన బిళ్ళల అట్టలు, ఖాళీవైనా సరే, తీసుకురండి. పేరు మీకు గుర్తులేకపోయినా అట్ట చూస్తే మాకు తెలుస్తుంది.