కొలిచేవాడి జీతం ఎవరివ్వాలి?

పర్యావరణ విశ్లేషకుడికి జీతమెంత అని అడిగేవాళ్లకు సర్కారు కొలువుల లెక్క తేలిగ్గానే దొరుకుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిలో సైంటిస్ట్ ‘బి’గా చేరితే ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్‌కైతే 35,400. డీఏ, ఇంటి అద్దె వేరే. కానీ ఆ పోస్టులు కొద్ది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ఈ దారి పట్టినవాళ్లు ఎక్కువగా ప్రైవేటు ల్యాబుల్లో, కన్సల్టెన్సీల్లో చేరతారు. అక్కడ జీతాలు తక్కువన్నది పాత ఫిర్యాదే. నన్నడిగితే అంతకన్నా పెద్ద చిక్కు, ఆ జీతం ఎవరి జేబులోంచి వస్తోందన్నది.

పని తేలికైనదేం కాదు. ఫ్యాక్టరీ వదిలే నీటిని సీసాలో పట్టి, ఐసు పెట్టెలో ల్యాబుకు చేర్చాలి. దారిలో వేడెక్కితే అందులోని సూక్ష్మజీవులు తమ పని కానిచ్చేస్తాయి, లెక్క తప్పుతుంది. బీఓడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) పరీక్షకు ఆ నీటిని 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి, ఆక్సిజన్ ఎంత ఖర్చయిందో చూస్తారు. సాధారణ ప్రమాణం ప్రకారం లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటితే నదుల్లోకి, చెరువుల్లోకి వదలకూడదు. గాలి సంగతికొస్తే, వడపోత కాగితాన్ని ముందు తూచి, దానిగుండా 24 గంటలు గాలిని లాగి, మళ్లీ తూస్తారు. ఆ రవ్వంత తేడా నుంచే గాలిలోని సన్నని ధూళిని చెప్పే పీఎం 10 అంకె లెక్కగడతారు. 1974 నాటి నీటి చట్టం ప్రకారం మండలి విశ్లేషకుడు సంతకం పెట్టిన నివేదిక కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది.

అంత బరువున్న అంకె డబ్బిచ్చేవాడి మొహం చూసి మారుతుందా? మారుతుందనడానికి గుజరాత్‌లో రుజువు దొరికింది. అక్కడ తమ కాలుష్యాన్ని కొలిచే ఆడిటర్లను ఫ్యాక్టరీలే ఎంచుకుని ఫీజు ఇచ్చేవి. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయన్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రయోగం మొదలుపెట్టి రెండేళ్లు నడిపారు. పొగగొట్టాల ధూళి పరిమితి దాటినవి 7 శాతమేనని పాత పద్ధతి నివేదికలు చెప్పాయి. వేరేవాళ్లు వెళ్లి కొలిస్తే 59 శాతమని తేలింది. ఆడిటర్లు రాసిన అంకెలు చాలావరకు పరిమితికి కాస్త కిందే గుమిగూడాయి. నిజం కొలతలు అంత బుద్ధిగా ఉండవు. కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్లను లాటరీ తీసి కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి స్థిరమైన ఫీజు ఇచ్చి, కొలతలను మధ్యమధ్య తిరిగి తనిఖీ చేయించారు. పరిమితి దాటినా దాటలేదని రాసే అవకాశం 80 శాతం తగ్గింది, ఆ ఫ్యాక్టరీల కాలుష్యమూ తగ్గింది. పాత పద్ధతిలో అబద్ధం రాసినవాళ్లే కొత్త పద్ధతిలో నిజం రాశారు.

రక్తపరీక్షకూ డబ్బు రోగే ఇస్తాడు కదా అంటారు. రోగికి తన జబ్బేమిటో తెలియాలి. ఫ్యాక్టరీకి కావలసింది జబ్బు లేదనే కాగితం. జీతాలు పెంచితే చాలని మరికొందరి మాట. పెంచాల్సిందే, కాని ఫ్యాక్టరీ ఆర్డర్ల మీద బతికే ల్యాబులో పెద్ద జీతంతోపాటు అది పోతుందన్న భయమూ పెరుగుతుంది. కాలుష్యాన్ని నిరంతరం కొలిచే ఆన్‌లైన్ యంత్రాలొచ్చాక మనిషెందుకని ఇంకో ప్రశ్న. యంత్రం కొలవమన్నదే కొలుస్తుంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. కొలవాల్సిన జాబితాలో లేనిదాన్ని ఏ ఫ్యాక్టరీ డబ్బు పెట్టి వెతికిస్తుంది?

2025 పర్యావరణ ఆడిట్ నిబంధనల్లో ఆడిటర్‌ను లాటరీ పద్ధతిలో కేటాయించాలన్న మాట చేరింది. అదొక్కటే చాలదు. ఫీజు కూడా ఉమ్మడి నిధి నుంచి రావాలి, ప్రభుత్వం ల్యాబుల నమూనాలను మళ్లీ తనిఖీ చేయించాలి. అంతదాకా ‘పరిమితికి లోబడే ఉంది’ అనే నివేదిక చేతికొస్తే, కింద సంతకంతోపాటు ఫీజు ఎవరిచ్చారో కూడా అడగండి.