పోగేయడం సులువు, అమ్మడమే కష్టం

కోలారు బంగారు గనులకు శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది 1902లో. రేడియో వాల్వులను బెంగళూరు బీఈఎల్ 1961 నుంచి తయారుచేసింది. ఇలాంటి సీమలో పాత వాల్వు రేడియోలు, టర్న్‌టేబుళ్లు పోగేసే సరదా పుట్టడం వింత కాదు. అయితే ఆ పోగు బంగారం కాదు. తూచి ధర కట్టే అంగడి దానికి లేదు. మూలన పెట్టినా పాడవుతూనే ఉంటుంది: కాగితపు కెపాసిటర్లు లీకవుతాయి, టర్న్‌టేబుల్ బెల్టు సాగుతుంది, స్పీకరు అంచు ఫోమ్ పొడిపొడిగా రాలుతుంది. ఏళ్ల తరబడి వాడని వాల్వు సెట్టును నేరుగా ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. అందుకే కొనేవాడు రిపేరు ఖర్చు తీసేసే బేరం మొదలుపెడతాడు. కోలారు సీమలోని రాయల్పాడు లాంటి ఊరి నుంచి బెంగళూరుకు బాడుగ, దారిలో దెబ్బతింటుందన్న భయం అదనం.

రికార్డులకు మళ్లీ గిరాకీ వచ్చింది కదా అనవచ్చు. నిజమే, 2020లో అమెరికాలో వినైల్ రికార్డుల అమ్మకాల విలువ సీడీలను దాటింది. కాని కొత్తగా వినేవారికి వారంటీ ఉన్న కొత్త ప్లేయర్లు దొరుకుతున్నాయి; గ్యారార్డ్ 301 లాంటి కొద్ది పాత మోడళ్ల కోసమే దేశదేశాల్లో వెతుకుతారు. విడివిడిగా అమ్మితే సేకరణ చెదిరిపోతుందన్న బాధ సహజమే. అయితే టోకున అడిగేవాడు మంచివాటికే ధర కట్టి, తక్కినవి ఊరికే కలుపుకుంటాడు. మోడల్ పేరు, చేసిన రిపేర్లు రాసిపెట్టి, పాడుతుండగానే వినిపించి, ఒక్కొక్కటిగా అమ్మడమే మేలు. ఆ పని పోగేసినవారే చేయాలి. ఏది విలువైనదో వారసులకు తెలియదు.