రాచపుండు - రోగి నమ్మకము

రాచపుండు (క్యాన్సరు) వచ్చినదని వినిన రోగిని దేహబాధకంటె ముందుగా పీడించునది ‘ఇది నాకేల వచ్చెను?’ అను ప్రశ్న; పూర్వజన్మకర్మమని ఒకరును, అంటువ్యాధియని మరియొకరును తలచుటయు, కత్తి తగిలినచో వ్యాధి ఒడలంతయు ప్రాకునని భయపడుటయు చిట్టమూరు వంటి పూర్వపు నెల్లూరు జిల్లా తీరపు పల్లెలలో నేటికిని కలదు. కడపటి భయము మిక్కిలి ప్రమాదకరము. ఏలన, పరీక్షకై చిన్నముక్క తీయించుకొనుటకే వెనుకాడిన రోగి పసరుమందు నాశ్రయించి, శస్త్రచికిత్సకు లొంగు దశను చేజార్చుకొనును.

ఈ తీరమున నాటుమందుపై గల విశ్వాస మెంతటిదో 2021 మే నెలలో లోకమునకు తెలిసినది: కరోనాకు నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చిన మందుకొఱకు వేలాది జనులు కృష్ణపట్నమునకు తరలివచ్చిరి. వైద్యశాల దూరమై, వ్యయము భారమైన వేళ, చెంత కూర్చుండి ధైర్యము చెప్పు నాటువైద్యుని జనులు నమ్ముటలో వింత లేదు. ఆ ఆదరణ రోగికి నిజముగ కావలసినదే.

మూలికలలో శక్తి లేదనుట కాదు. మన యిసుకనేలలలో పూయు బిళ్ళగన్నేరునుండియే రక్తపు క్యాన్సరునకు వాడు విన్‌క్రిస్టిన్ లభించినది. అయితే అది శుద్ధిచేసి, మోతాదు కొలిచి, నరమున కెక్కించు ఔషధము, ఆకు నూరి త్రాగుట ప్రాణాపాయము. నయముకాదగిన దశలోనే చికిత్స మాని ప్రత్యామ్నాయ వైద్యమునే నమ్ముకొనినవారు మరణించు అపాయము చికిత్స పొందినవారికంటె రెండున్నర రెట్లని 2018లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. రొమ్ము క్యాన్సరున అది అయిదు రెట్లను మించెను. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి కృషివలన 1954లో చెన్నై అడయారున వెలసిన క్యాన్సర్ సంస్థ చిట్టమూరువారికి మరీ దూరము కాదు. అచటికి పోయిన రోగి తాను వాడు పసరేదో దాచక చెప్పినయెడల, అది కాలేయమునకు హానిచేయునో, ఇచ్చు మందుల గుణమును చెఱచునో వైద్యుడు చూచుకొనగలడు.