నేడే మార్చవలెనా, వేచి చూడవలెనా?

ఇంటిలోని కంప్యూటరు మందగించినప్పుడు రెండు వాదములు పుట్టును. ప్రాసెసరు పాతబడినది, వెంటనే మార్చవలయునని యొకరందురు. కొంతకాలము తాళిన యెడల ఇంతకన్న మేలైనది ఇంతకన్న చౌకగా దొరకునని మరియొకరందురు. మొదటి మాట దుకాణదారుని నోటను, రెండవ మాట ఇంటి పెద్దల నోటను తరచుగా వినబడును. రెండింటను కొంత నిజము లేకపోలేదు. కాని ఈ వాదముల నడుమ నెలలు గడచుచుండగా, ఆ యంత్రము ముందు కూర్చుండి పనిచేయవలసిన వారి కష్టమును లెక్కించువారు అరుదు. ఆ లెక్కను మన సోదరీమణులు తామే వేసికొనుటకు తోడ్పడవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కడప జిల్లాలోని మైదుకూరు సంగతి చూతము. కర్నూలు నుండి కడపకు పోవు బాటయు, ప్రొద్దుటూరు నుండి బద్వేలునకు పోవు బాటయు కలిసికొను కూడలి యిది. ఒక వంక కె.సి. కాలువ క్రింద వరియు పసుపును పండును. మరియొక వంక వాననే నమ్ముకొన్న మెట్ట పొలములు గలవు. ఇట్టి ఊళ్లలో కంప్యూటరు నేడు వేడుక వస్తువు కాదు. రవికలమీది ఎంబ్రాయిడరీకి నమూనాలు సిద్ధపరచు స్త్రీలకును, అంగళ్ల జమాఖర్చులు వ్రాసి యిచ్చువారికిని, పెండ్లిపత్రికలు కూర్చువారికిని అది కూడు పెట్టు పనిముట్టు. గ్రామీణ విద్యార్థుల కొరకు 2008వ సంవత్సరమున ఏర్పడిన ట్రిపుల్ ఐటీ ఈ జిల్లాలోనే ఇడుపులపాయయందున్నది. అట్టి విద్యాలయములలో సీటు సంపాదింపవలెనని, చేరిన పిమ్మట చక్కగా చదువవలెనని కోరు బాలికలకును అదియే సాధనము. కాబట్టి దానిని మార్చుటయా, మానుటయా యను ప్రశ్న ఇంటి ఆదాయవ్యయములకును, ఆడుపిల్లల చదువునకును సంబంధించినది.

ప్రాసెసరనగా కంప్యూటరులోని లెక్కలను చేయు చిన్న బిళ్ల. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను ప్రాసెసరులో ఇంచుమించు 2,300 ట్రాన్సిస్టరులుండెడివి. నేటి వానిలో అవి వందల కోట్ల సంఖ్యలో నుండును. ఒక బిళ్లపై నిముడు ట్రాన్సిస్టరుల సంఖ్య ఏటేట ఇబ్బడి యగుచున్నదని గార్డన్ మూర్ 1965లోనే గుర్తించి, 1975లో ఆ గడువును రెండేండ్లని సవరించెను. కావున వేచియున్న వారికి మేలైనది దొరకుననుట నిజమే. అయితే ఆ మాట ఈ యేడెంత నిజమో, వచ్చు ఏడును అంతే నిజము. మేలైన దానికొరకు మాత్రమే వేచువారికి కొనెడి దినము ఎన్నడును రాదు.

మన సీమ రైతునకు ఈ సూక్ష్మము తెలియును. వాన పడి నేల పదునెక్కినప్పుడు అతడు వేరుశనగ విత్తును. ఇంతకన్న మంచి వాన వచ్చు వారము కురియవచ్చునని విత్తనపు మూటలను ఇంట నుంచుకొని కూర్చుండడు. అట్లని ప్రక్క పొలమువాడు విత్తుచున్నాడని తన పొడినేలలో గింజలను పారవేయడు. గుప్పెడు మట్టిని చేతబట్టి పదును చూచి నిర్ణయించును. మనమును అట్లే మొదట మన నేలను పరీక్షింపవలెను.

మందగించుటకు కారణము ప్రాసెసరే యని ఎట్లు తెలియును? విండోసు కంప్యూటరులో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కమారు నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. పని నిలిచి విసుగు పుట్టించుచున్న వేళనే దీనిని తెరచి చూడవలెను. సీపీయూ, మెమరీ, డిస్కు అను వాని కెదురుగా శాతములు కనబడును. డిస్కు నూరు శాతమునకు చేరి, సీపీయూ ఇరువదియో ముప్పదియో యున్నచో, దోషము తిరుగుడు హార్డ్ డిస్కుది. దాని స్థానమున ఎస్ఎస్‌డి వేయించినచో పాత యంత్రమే పరుగెత్తును. మెమరీ తొంబది శాతము దాటి యున్నచో ర్యామ్ చాలకున్నదని యర్థము. నాలుగు జీబీలతో నేటి పనులు సాగుట కష్టము. తక్కినవి తీరికగా నుండి, సీపీయూ ఒక్కటియే చాలసేపు నూరు శాతమున నిలిచినప్పుడు మాత్రమే ప్రాసెసరును నిందింపవలెను.

మన ప్రాంతమున మరియొక కారణము గలదు. అది ఎండయు ధూళియు. వేసవిలో ఉష్ణము నలువది డిగ్రీలు దాటు కడప జిల్లాలో, ఫంకా రెక్కలకు దుమ్ము పట్టి, ప్రాసెసరుపై పూయు థర్మల్ పేస్టు ఎండిపోయినప్పుడు, ఆ బిళ్ల తాను మాడిపోకుండుటకై తన వేగమును తానే తగ్గించుకొనును. మధ్యాహ్నము మందగించి, తెల్లవారుజామున చురుకుగా నుండు కంప్యూటరునకు ముందుగా కావలసినది శుభ్రత. తెలిసినవారిచేత దుమ్ము దులిపించి, క్రొత్త పేస్టు పూయించి చూచిన పిమ్మటనే పెద్ద ఖర్చు తలపెట్టవలెను.

ఇక దోషము ప్రాసెసరుదే యని తేలినదనుకొందము. మార్చుటకు వీలున్నదా యనునది రెండవ ప్రశ్న. నేటి ల్యాపుటాపులలో ప్రాసెసరును బోర్డునకే అతికింతురు. దానిని మాత్రము మార్పించుట సాధారణముగా సాధ్యము కాదు. డెస్కుటాపులో మార్చవచ్చును గాని, రోటికి తగిన రోకలి యుండవలెను గదా! 2017 మార్చిలో ఏఎండీ సంస్థ రైజెన్ ప్రాసెసరులను విడుదల చేసినప్పుడు ఏఎం4 అను అమరికగల బోర్డు కొన్నవారిలో పెక్కురు, బయోస్ సవరించుకొని, 2022 ఏప్రిలులో వెలువడిన రైజెన్ 7 5800ఎక్స్3డిని గూడ అదే బోర్డులో అమర్చుకొనగలిగిరి. అదే 2017 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ ఎనిమిదవ తరము ప్రాసెసరులు, ముందటి తరము బోర్డులలో ఆకారమునకు సరిపోయినను పనిచేయలేదు. కావున బోర్డు పేరును, నమూనా సంఖ్యను కాగితముపై వ్రాసికొనక దుకాణమునకు పోరాదు. ఏఎండీ వారి ఏఎం5 అమరిక 2022 సెప్టెంబరులో వచ్చినది. దానికి డీడీఆర్5 మెమరీయే కావలెను. పాత బోర్డునుండి దీనికి మారదలచినచో ప్రాసెసరుతోపాటు బోర్డును, మెమరీని గూడ కొనవలసివచ్చును. ఖర్చు వేసికొనునప్పుడు ఈ మూడింటిని కలిపి చూడనివారికి పిదప ఆశ్చర్యము తప్పదు.

వేగముతో సంబంధములేని మరియొక కారణమును చెప్పవలసియున్నది. విండోసు 10నకు మైక్రోసాఫ్టు సంస్థ సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14తో ముగించినది. గృహస్థులలో నమోదు చేసికొన్నవారికి 2026 అక్టోబరు 13 వరకు రక్షణ సవరణలు లభించునని ప్రకటించినది. విండోసు 11నకు మారవలెనన్నచో సామాన్యముగా ఇంటెల్‌లో ఎనిమిదవ తరము, ఏఎండీలో రైజెన్ 2000 వరుస, లేక అంతకు పిమ్మటి ప్రాసెసరుండవలెను; టీపీఎం 2.0 అను రక్షణాంగమును కావలెను. చక్కగా పనిచేయుచున్న యంత్రమునకు గూడ ఇట్లు గడువు ముంచుకొని వచ్చును. బ్యాంకు లావాదేవీలును, గిరాకీదారుల ఖాతాలును నడుచు కంప్యూటరును రక్షణ సవరణలు లేక నడుపుట తలుపు గడియ లేని ఇంట నగలుంచుటవంటిది. అయితే దీనికి ప్రాసెసరు మార్పొక్కటియే దారి కాదు. వ్రాతపనికిని, ఇంటర్నెట్టునకును మాత్రమే వాడువారు ఉబుంటు వంటి ఉచిత లినక్సును వేయించుకొని పాత యంత్రమునే కొనసాగింపవచ్చును.

వేచియుండిన యెడల లాభము కలుగునా? కలిగిన సందర్భములు గలవు. 2022, 2023 సంవత్సరములలో వెలువడిన ఇంటెల్ పదుమూడు, పదునాలుగవ తరముల డెస్కుటాపు ప్రాసెసరులలో కొన్ని, అధికమైన వోల్టేజివలన అస్థిరముగా పనిచేయుచున్నవని 2024లో స్పష్టమయ్యెను. ఆ సంస్థ సవరణలు విడుదల చేసి, వారంటీని మరి రెండేండ్లు పొడిగించినది. తొందరపడనివారు ఆ చిక్కును తప్పించుకొనిరి. క్రొత్త తరము వచ్చినప్పుడు వెనుకటి తరము వెల తగ్గుటయు కద్దు. కావున మిక్కిలి క్రొత్తదానికన్న, ఒకటి రెండేండ్లు పదిమంది చేతులలో నలిగి నిలిచినదానిని కొనుట గృహిణులకు మేలు.

వేచియుండి నష్టపోయిన సందర్భములును గలవు. 2020 పిమ్మట లోకమంతట చిప్పులకు కరవు వచ్చి వెలలు పెరిగినవి. 2025 చివర కృత్రిమ మేధ కొరకు కట్టుచున్న డేటా కేంద్రములు మెమరీనంతయు పీల్చుకొనుటచేత ర్యామ్ వెలలు ఒక్కుమ్మడిగా ఎగసినవి. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ, గృహస్థులకు అమ్ముచుండిన క్రూషియల్ వ్యాపారమునుండి తప్పుకొందుమని ప్రకటించెను. మరియు కడప సమీపమున కొప్పర్తిలో ఎలక్ట్రానిక్ వస్తువుల తయారీకి 2021లో క్షేత్రము ప్రారంభమైనను, మన కంప్యూటరులలోని ప్రాసెసరులు విదేశములనుండియే వచ్చుచున్నవి. 2014లో డాలరునకు ఇంచుమించు అరువది రూపాయలుండగా 2025 డిసెంబరులో తొంబది దాటినది. అక్కడ వెల తగ్గినను ఇక్కడ తగ్గునన్న నమ్మకము లేదు. పసుపు కొమ్ములను నిలువయుంచి ధర కొరకు ఎదురుచూచిన కుటుంబములకు ఈ దోబూచులాట క్రొత్త కాదు.

ఇప్పుడు అసలు లెక్క చూతము. మందగించిన యంత్రముచేత దినమునకు అరగంట వృథా యగుచున్నదనుకొందము. ఏటికి మూడువందల పనిదినములు వేసికొన్నను నూటయేబది గంటలు. దినమునకు ఎనిమిది గంటల చొప్పున ఇంచుమించు పందొమ్మిది దినముల పని! ఆ పందొమ్మిది దినముల కూలి ఎంతయో ఎవరికి వారే వేసికొని, మార్పునకగు వ్యయముతో పోల్చి చూడవలెను. కూలి యెక్కువగా తేలినచో, వేచియుండుట పొదుపు కాదు. తెలియకుండ చేయుచున్న ఖర్చు.

ఈ లెక్కను మన ఇండ్లలో వేయకపోవుటకు కారణము గలదు. పొలమున మోటారు కాలినయెడల ఆ దినమే విప్పి ప్రొద్దుటూరికో కడపకో తీసికొనిపోయి బాగుచేయింతురు. పైరు ఎండిపోవునని అందరికిని కనబడును గదా! కోడలి కుట్టుపని కంప్యూటరు మొరాయించినచో సంక్రాంతికి చూతమందురు. సంక్రాంతి వచ్చినచో ఉగాదికి చూతమందురు. ఆమె రాత్రి రెండు గంటలు అధికముగా మేల్కొని పని ముగించుచున్నది గనుక నష్టము ఎవరికిని కనబడదు. స్త్రీ నిద్ర ఏ జమాఖర్చు పుస్తకమునందును వ్రాయబడదు. ఇందు పురుషులను నిందించుట మా యుద్దేశము కాదు. లెక్క కాగితముపై నుంచినచో అత్తగారును, మామగారును, భర్తయు దానిని కాదనరనియే మా నమ్మకము.

మూడు విధములైన గృహములను ఊహింతము. మొదటి యింట కంప్యూటరును బిల్లులు కట్టుటకును, ఫోటోలు చూచుటకును మాత్రమే వాడుదురు. వారు ఎస్ఎస్‌డి వేయించుకొనియో, దుమ్ము దులిపించియో, రక్షణ సవరణల సంగతి చూచుకొని నిశ్చింతగా వేచియుండవచ్చును. రెండవ యింట గృహిణి నమూనాలు సిద్ధపరచి సంపాదించుచున్నది, పరీక్షలో ప్రాసెసరే దోషియని తేలినది, బోర్డును సహకరించును. ఆమె ఈ నెలలోనే మార్చుట యుక్తము. మూడవ యింట అమ్మాయి వచ్చు జూనులో ఇంజనీరింగులో చేరనున్నది. ఇప్పటి పాఠములకు పాత యంత్రము చాలును. కళాశాలవారు ఎట్టి యంత్రము కోరుదురో తెలిసికొని అప్పుడు కొనుటయే మంచిది. వీరు వేచియుండుట సహేతుకము. ఏలయన దానికి ఒక కారణమును, ఒక తేదీయు నున్నవి.

మేము చెప్పదలచిన సూత్రమంతయు ఇదియే. పని ఆగినచో కొనుము. పని సాగుచున్నచో తేదీ పెట్టుకొని వేచియుండుము. తేదీలేని నిరీక్షణ వాయిదా మాత్రమే. ఆగిన పని లేని కొనుగోలు మోజు మాత్రమే.

కొనుటకు నిశ్చయించినవారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. మార్పునకు ముందు ఫోటోలను, ఖాతాలను, నమూనాలను వేరొక డిస్కులోనికి నకలు తీయవలెను. బిల్లు లేనిదే ఎంత చౌకయైనను కొనరాదు. వారంటీకి అదియే ఆధారము. అమ్మినవారిచేతనే బిగింపించి, తాము నిత్యము చేయు పనిని దుకాణములోనే చేసి చూచుకొనవలెను. తీసివేసిన పాత భాగమును అడిగి తెచ్చుకొనవలెను. దానికిని ఎంతో కొంత వెల యుండును. విద్యుత్తు హెచ్చుతగ్గులుగా వచ్చు ఊళ్లలో యూపీఎస్ లేక క్రొత్త భాగములు వేయుట, గట్టులేని చేనికి నీరు పెట్టుటయే.

సోదరీమణులారా! ఈ సాయంకాలమే తీరిక చేసికొని ఆ మూడు మీటలను నొక్కి చూడుడు. ఒక వారము దినములు ఎంత కాలము వృథా యగుచున్నదో కాగితముపై వ్రాయుడు. ఆ కాగితమును ఇంటివారి యెదుట నుంచి మాటలాడుడు. కొనవలెనని తేలినను, ఆగవలెనని తేలినను, ఆ నిర్ణయము మీ పనిని, మీ కాలమును లెక్కలోనికి తీసికొని చేసినదగును.