ప్రమాదస్థలమును విడిచిపోవుటవలన గలుగు చిక్కులు

ట్రాక్టరును మోటారు వాహనమే; కావున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము కారునకువలెనే దానికిని వర్తించును. బండి తగిలి యొరులకు గాయమైనచో, నడపువాడు వారికి వైద్యసహాయము సమకూర్పవలయునని 134వ సెక్షను విధించుచున్నది. జనులు కొట్టుదురను భయమున పారిపోవువారిని చూచుచునే యున్నాము. చట్టమీ భయము నెరుగకపోలేదు. జనాగ్రహముచేత నిలువ వీలుకానిచో, గాయపడినవానిని ఆసుపత్రికి చేర్పలేకపోవుటను తప్పుగా నెన్నదు. కాని యాతడు సమీపపు పోలీసు స్టేషనునందు సాధ్యమైనంత త్వరలో, ఎట్లును 24 గంటలలోపల, జరిగినదానిని, సాయపడలేకపోయిన కారణమును గూడ తెలుపవలయును. బీమా కంపెనీకిని వ్రాతమూలమున తెలుపవలయును. ఈ విధులను మీరినవానికి 187వ సెక్షను క్రింద 6 నెలలవరకు చెరగాని, 5,000 రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని కలుగును. నిర్లక్ష్యముగా నడపిన నేరము వేరు.

మా తలంపున నింతకంటె ఘోరమైనది బాధితుని నష్టము. బండి యెవరిదో తెలిసినచో, కలిగిన నష్టమునుబట్టి ట్రిబ్యునలునందు పరిహారము కోరవచ్చును. తెలియనిచో, 2022 ఏప్రిల్ 1 నుండి అమలగుచున్న పథకము క్రింద మరణమునకు 2 లక్షల రూపాయలు, తీవ్రగాయమునకు 50 వేలు మాత్రమే. గాయము స్వల్పమైనచో నదియు లేదు. ఇందులకు రెవిన్యూ డివిజను అధికారికిగాని తహసీలుదారునకుగాని దరఖాస్తు పెట్టుకొనవలయును.